సాల్మన్ గుండె పరీక్షల ప్యాకేజీ: స్లైడ్‌కి ఐదు చుక్కలు, ఇమ్యూన్ ప్యానెల్‌కి ఒక్కటి కూడా దండగే

ముందే తేల్చి చెప్పేస్తాను, ఆ తర్వాత ఓపిక ఉన్నవాళ్లు చదువుకోండి. ఈ ప్యాకేజీలో డబ్బు పెట్టాల్సింది చేప గుండె ముక్కని మైక్రోస్కోప్ కింద చూసి చెప్పే భాగానికి, అంటే స్లైడ్‌కి. పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) భాగం పర్వాలేదు, పని నిజాయితీగానే చేస్తారు, కానీ రిపోర్ట్ వేసే తీరు చూసేవాళ్లని తప్పుదారి పట్టిస్తుంది. కొత్తగా తగిలించిన "రోగనిరోధక ప్యానెల్" మాత్రం వద్దంటే వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే కాస్త వైరస్‌ల గురించీ చేప గుండె గురించీ మాట్లాడుకోవాలి, అందుకే రివ్యూ పొడుగైంది, ఏమీ అనుకోకండి.

నేను నార్వే పశ్చిమ తీరంలో సముద్రపు కేజ్‌లలో పెంచే అట్లాంటిక్ సాల్మన్ ఆరోగ్యం చూసే టీమ్‌లో పనిచేస్తాను. ల్యాబ్ పేరు రాయను, ఎందుకంటే వాళ్లతో పని ఇంకా నడుస్తూనే ఉంది, పైగా ఇందులో తిట్లు కూడా ఉన్నాయి. పేరు లేకపోయినా నష్టం లేదు, ఇలాంటి ప్యాకేజీ ఎవరు అమ్మినా చూసుకోవాల్సినవి ఇవే.

కొనేది ఏంటంటే, మూడు వైరస్‌లకి పీసీఆర్, గుండె కణజాల పరీక్ష, రిపోర్ట్ వచ్చాక పాథాలజిస్ట్‌తో ఒక ఫోన్ కాల్. అదనంగా డబ్బు కడితే ఇమ్యూన్ ప్యానెల్. కిట్‌లో ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా ఉంచే ద్రావణం) నింపిన డబ్బాలు, ఆర్ఎన్ఏ పాడవకుండా కాపాడే ద్రావణం పోసిన చిన్న ట్యూబులు, బార్‌కోడ్ స్టిక్కర్లు, లామినేట్ చేసిన సూచనల కాగితం, తిరిగి పంపడానికి థర్మోకోల్ పెట్టె వస్తాయి. స్టిక్కర్ల గురించి ఒక్క మాట: తడి చేత్తో అంటిస్తే ఊడిపోతాయి. పడవ మీద పొడి చేతులు ఎక్కడినుంచి తేవాలి? పెన్సిల్‌తో రాసిన కాగితం చీటీ కూడా డబ్బాలో వేసేయండి, ఫార్మలిన్‌లో పెన్సిల్ రాత చెరగదు.

అసలీ పరీక్షల గోల ఎందుకంటే, 2023లో నార్వేలో సముద్రంలో ఉన్న దశలోనే 6.28 కోట్ల సాల్మన్లు చచ్చిపోయాయి, అంటే 16.7 శాతం. అక్కడి వెటర్నరీ ఇన్‌స్టిట్యూట్ ఏటా వేసే చేపల ఆరోగ్య నివేదికలో ఉన్న లెక్క ఇది. అన్నీ గుండె జబ్బుతో పోయినవి కావు. గాయాలు, మొప్పల జబ్బులు, చేప ఒంటికి పట్టే సముద్రపు పేను వదిలించే ట్రీట్‌మెంట్లు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఇక్కడే అసలు చిక్కు. పేను వదిలించేటప్పుడు చచ్చిన చేపని "ట్రీట్‌మెంట్ వల్ల పోయింది" అని రాసేస్తారు, దాని గుండె కోసి చూస్తే నెలల తరబడి వైరస్ తినేసి ఉంటుంది, ట్రీట్‌మెంట్ చివరి తోపు మాత్రమే. కాబట్టి ముందే గుండె సంగతి తెలిస్తే ఏ కేజ్‌ని ముట్టుకోవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తెలుస్తుంది. ఈ ప్యాకేజీ అమ్ముడుపోయేది ఆ ఒక్క అవసరం మీదే.

ప్యాకేజీ వెతికే మూడు జబ్బులూ మూడు రకాలు. పాతది పీడీ, అంటే క్లోమం జబ్బు, 1976లో స్కాట్లాండ్‌లో మొదట చూశారు. సాల్మన్ ఆల్ఫావైరస్ దీనికి కారణం. పేరుకి క్లోమం గానీ గుండెనీ కండనీ కూడా పాడుచేస్తుంది. రెండోది సీఎంఎస్, గుండె కండని పాడుచేసే జబ్బు, నార్వేలో 1985లో గుర్తించారు. కారణమైన పీఎంసీవీ అనే వైరస్ మాత్రం 2010, 2011 వచ్చేదాకా దొరకలేదు, పాతికేళ్లు జబ్బు తెలుసు, కారణం తెలియదు. మూడోది హెచ్ఎస్ఎంఐ, గుండెకీ కండకీ కలిపి వచ్చే వాపు, 1999లో నార్వేలోనే బయటపడింది. దీని వెనకున్న పీఆర్‌వీ అనే వైరస్ 2010లో దొరికింది, కానీ "ఇదే కారణం" అని శుద్ధి చేసిన వైరస్‌తో నిరూపించడానికి 2017 దాకా పట్టింది. ల్యాబ్‌లో పెంచే మామూలు కణాల్లో ఈ వైరస్ పెరగదు, అందుకే అంత ఆలస్యం. పీడీ తేలితే నార్వేలో ఆహార భద్రతా సంస్థకి చెప్పి తీరాలి, మిగతా రెండింటికీ ఆ నిబంధన లేదు. చెప్పక్కర్లేదు కదా అని ఆ రెండింటినీ తేలిగ్గా తీసుకునే మేనేజర్లు ఉన్నారు, అది వేరే కథ.

ఇక శాంపిల్ తీయడం. సూచనల కాగితం మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. చేపని కోసి, మొప్పల వెనక గుండెని కప్పి ఉన్న పలచటి పొర తీస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. పిరమిడ్ ఆకారంలో ముదురెరుపు జఠరిక, దాని ముందు తెల్లగా మెరిసే బల్బస్ (గుండెలోంచి రక్తం బయటికి వెళ్లే చోట ఉండే ఉబ్బు), పైన మెత్తగా, గోడ పలచగా ఉండే కర్ణిక. సీఎంఎస్ ముదిరిన చేపలో పొర కోయగానే గుండె కనిపించదు, దాని చుట్టూ నల్లగా గడ్డకట్టిన రక్తం కనిపిస్తుంది. కత్తి మొనతో ఆ గడ్డని పక్కకి తీస్తే కర్ణిక చిరిగి ఉంటుంది. లోపలి రక్తమంతా ఆ పొరలోకి కారి, గుండె కొట్టుకోవడానికి చోటు లేక చేప చచ్చిపోతుంది. పైకి చూస్తే ఆ చేప బాగా తిని బలిసిన చేప, రెండో ఏడాది సముద్రంలో ఉన్నది, కోతకి దగ్గరపడ్డది. రైతుకి ఇంతకంటే కడుపుమంట ఉండదు, మేత ఖర్చంతా పెట్టాక పోతుంది.

ఇప్పుడు కాగితం ఏం చెబుతోందంటే, "గుండెని రెండు సగాలు చేసి ఒక సగం ఫార్మలిన్‌లో, ఒక సగం ట్యూబులో వేయండి." అలా చేస్తే ఎక్కువమంది జఠరికని నిలువునా కోసి, కర్ణికని ఎక్కడో వదిలేస్తారు, కొంతమంది అదేదో రక్తపు గడ్డ అనుకుని కడిగేస్తారు కూడా. సీఎంఎస్ మొదట కనిపించేదే కర్ణికలోనూ, జఠరిక లోపలి స్పంజిలాంటి పొరలోనూ. కర్ణిక లేకుండా పంపిన గుండెలో తొలిదశ సీఎంఎస్ దొరకడం కష్టం. నా సలహా, జఠరిక కొస మాత్రం చిన్న ముక్క కోసి పీసీఆర్ ట్యూబులో వేయండి, మిగతా గుండె కర్ణికతో బల్బస్‌తో సహా మొత్తం ఫార్మలిన్‌లో వేయండి. ముక్కకి పదింతలు ఫార్మలిన్ ఉండాలి, ఒకే డబ్బాలో నాలుగు గుండెలు కుక్కితే మధ్యలోవి కుళ్లిపోతాయి. ఇంకోటి, చచ్చి నీళ్ల అడుగున ఎంతసేపు ఉందో తెలియని చేపది పంపితే స్లైడ్ మీద ఏమీ కనపడదు. నీరసంగా పైపైన ఈదుతున్న చేపని పట్టి, మత్తిచ్చి చంపి, అప్పటికప్పుడు తీసిన గుండే గుండె. ఇది కూడా కాగితంలో లేదు.

పీఆర్‌వీ విషయంలో కాగితం ఇంకా పాతకాలంలోనే ఉంది. ఈ వైరస్ ముందు కాపురం పెట్టేది ఎర్ర రక్తకణాల్లో. గుండె ముక్క కంటే రక్తం, ప్లీహం, తల దగ్గరుండే కిడ్నీ భాగం, వీటిలో ముందుగా, ఎక్కువగా దొరుకుతుంది. కిట్‌లో రక్తం ట్యూబు లేదు. అడిగితే మర్నాడే పంపారు, అదనంగా డబ్బు తీసుకోలేదు, ఆ మర్యాద ఉంది. అడగనివాళ్ల సంగతి ఏంటన్నదే ప్రశ్న. అలాగే పీడీ అనుమానం ఉంటే క్లోమం కూడా పంపాలి, సాల్మన్‌లో అది విడిగా ఒక ముద్దలా ఉండదు, పేగు మొదట్లో వేళ్లలా ఉండే గొట్టాల మధ్య కొవ్వులో చెదిరి ఉంటుంది, కాబట్టి ఆ గొట్టాల్ని కొవ్వుతో సహా కోసి వేయడమే. కండ కూడా ఎర్ర కండ, తెల్ల కండ రెండూ వచ్చేలా పక్క గీత దగ్గర కోసి వేయండి.

పీసీఆర్ రిపోర్ట్ త్వరగా వస్తుంది, అందులో వంక పెట్టడానికి లేదు. వంకంతా రంగుల్లో ఉంది. పాజిటివ్ అయితే ఎరుపు, నెగటివ్ అయితే ఆకుపచ్చ, పక్కన సన్న అక్షరాల్లో సీటీ విలువ. సీటీ అంటే వైరస్ కనపడే స్థాయికి రావడానికి యంత్రం ఎన్ని రౌండ్లు రెట్టింపు చేయాల్సి వచ్చిందో ఆ సంఖ్య, కాబట్టి సంఖ్య తక్కువైతే వైరస్ ఎక్కువ. సీటీ 18 ఉన్న చేపా ఎరుపే, సీటీ 34 ఉన్న చేపా ఎరుపే. లెక్క వేస్తే రెండింటి మధ్యా దాదాపు 65 వేల రెట్ల తేడా. అది ఒకే రంగులో వేస్తే ఎలా? రొయ్యల వైపు నుంచి ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఇంకా కంగారు పడతారు, అక్కడ తెల్లమచ్చ వైరస్ పాజిటివ్ అంటే చెరువు ఖాళీ అయ్యే మాట కదా. ఇక్కడ అలా కాదు. నార్వేలో సముద్రంలో ఉన్న సాల్మన్లలో పీఆర్‌వీ లేని కేజ్‌ని వెతుక్కోవాలి, అంత మామూలు. చాలా చేపల్లో అది ఉంటుంది, జబ్బు మాత్రం కనపడదు. పీఆర్‌వీ పాజిటివ్ అన్న కాగితం పట్టుకుని హెచ్ఎస్ఎంఐ వచ్చిందని మీటింగ్ పెడితే రోజూ మీటింగే.

ఒక మంచి మాట కూడా రాయాలి. పీఆర్‌వీ, పీఎంసీవీ రెండింటి జన్యుపదార్థం రెండు పేటల ఆర్ఎన్ఏ. పీసీఆర్ మొదలుపెట్టేముందు ఆ పేటల్ని బాగా వేడిచేసి విడదీయాలి, లేకపోతే ఉన్న వైరస్ కంటే తక్కువ కనిపిస్తుంది. మీరు అలా చేస్తున్నారా అని ఈమెయిల్ పెడితే, సేల్స్‌వాళ్లు కాకుండా పని చేసే టెక్నీషియనే జవాబిచ్చింది, 95 డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉంచుతారో, పక్కన ఏ కంట్రోల్ పెడతారో అన్నీ వివరంగా. ఇలా జవాబిచ్చే ల్యాబ్ దొరకడం అదృష్టమే. మీరు ఎక్కడ పరీక్ష చేయించుకున్నా ఈ ప్రశ్న అడిగి చూడండి, తడబడితే అనుమానించాల్సిందే.

ఇక స్లైడ్. ఇది ఈ ప్యాకేజీకి ప్రాణం. ఆలస్యంగా వస్తుంది, పీసీఆర్ వచ్చాక చాలా ఎదురుచూడాలి, అందరూ "ఎప్పుడొస్తుంది" అని నా ప్రాణం తీస్తారు. అయినా వచ్చినప్పుడు అందులో ఉండే సరుకు వేరు. పై పొర, జఠరిక బయటి గట్టి పొర, లోపలి స్పంజి పొర, కర్ణిక, ఒక్కోదానికి విడిగా సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు, ప్రతి చేపకీ ఫొటోలు పెడతారు, ఫొటో కింద ఒకటి రెండు వాక్యాలు మనిషి రాసినవి ఉంటాయి, టెంప్లేట్ కాదు. హెచ్ఎస్ఎంఐ అయితే గుండె పై పొర నిండా ఊదారంగు చుక్కల్లా తెల్ల రక్తకణాలు బారులు తీరి, అక్కడినుంచి గట్టి పొరలోకీ స్పంజి పొరలోకీ పాకి ఉంటాయి, ఎర్ర కండలో కూడా అదే. సీఎంఎస్ అయితే కర్ణిక, స్పంజి పొర ఛిద్రమై ఉంటాయి, బయటి గట్టి పొర మాత్రం చాలాకాలం శుభ్రంగా ఉంటుంది. పీడీ అయితే గుండె కణాలు చచ్చిపోయి ఉండటంతో పాటు క్లోమం కణజాలం మాయమైపోయి, కొవ్వు మిగిలి ఉంటుంది. ఒకసారి ఈ తేడా ఫొటోలో చూశాక మర్చిపోలేం.

దీని విలువ మాకు తెలిసొచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. పెద్ద చేపలున్న ఒక కేజ్‌లో రోజూ కొన్ని చస్తున్నాయి, బలంగా ఉన్నవే. పీసీఆర్‌లో పీఆర్‌వీ, పీఎంసీవీ రెండూ పాజిటివ్, రెండూ ఎరుపే. అదే సమయంలో ఆ కేజ్‌లో పేను లెక్క పరిమితికి దగ్గరపడింది. నార్వేలో ఒక్కో చేపకి సగటున 0.5 పెద్ద ఆడ పేలు దాటకూడదు, వసంతకాలంలో కొన్ని వారాలు 0.2 మాత్రమే. దాటకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఫామ్‌దే. కాబట్టి పేను వదిలించే పడవ బుక్ చేశారు, చేపల్ని పంపుతో పీల్చి, 28 నుంచి 34 డిగ్రీల నీళ్లలో కాసేపు ముంచి తీసే రకం. మంచునీళ్లలాంటి చల్లటి సముద్రంలో బతికే చేపకి అది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. హెచ్ఎస్ఎంఐ నుంచి కోలుకుంటున్న కేజ్ అయితే కొన్నాళ్లు ఆగితే సరిపోతుంది, సీఎంఎస్ అయితే ఆగేకొద్దీ గుండెలు ఇంకా పాడవుతాయి. పీసీఆర్ ఈ రెండింట్లో ఏదో చెప్పలేదు. స్లైడ్ చెప్పింది: కర్ణికలో మూడు, స్పంజి పొరలో మూడు, గట్టి పొర దాదాపు శుభ్రం, ఎర్ర కండ శుభ్రం. పాథాలజిస్ట్ ఫోన్‌లో ఒకటే మాట అన్నాడు, "ఈ చేపల్ని పంపులోంచి ఒక్కసారే పోనివ్వండి, అది కూడా కోత పడవకి." పేను పడవ రద్దు చేసి కోత ముందుకు జరిపారు. చేపలు అనుకున్న బరువుకి కాస్త తక్కువగానే వెళ్లాయి, కానీ వెళ్లాయి.

ఆ ఫోన్ కాల్ గురించి కూడా చెప్పాలి. అది ప్యాకేజీలో కలిసే ఉంటుంది, చాలామంది వాడుకోరు. వాడుకోండి. రిపోర్ట్‌లో రాయడానికి జంకే మాటలు ఫోన్‌లో చెబుతారు.

ఇప్పుడు ఇమ్యూన్ ప్యానెల్ దగ్గరికి వద్దాం, నాకు కోపమొచ్చింది ఇక్కడే. కాగితం మీద ఐడియా బాగుంటుంది. వైరస్ ఉందా లేదా అని కాక, చేప దాన్ని ఎలా ఎదుర్కొంటోందో జన్యువుల పనితీరు కొలిచి చెబుతారట. సైన్స్‌గా ఇది నిజంగా ఆసక్తికరమైన విషయం. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, చేపల ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. అందుకే పీఆర్‌వీ వాటిలో దూరి పిల్లల్ని పెట్టగలదు, అందుకే ఆ కణాలు ఊరికే ఆక్సిజన్ మోసే కూలీల్లా కాకుండా ఎదురుతిరగగలవు కూడా. వైరస్ లోపలికి రాగానే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక సంకేతాలు మొదలై ఎంఎక్స్, వైపరిన్, పీకేఆర్ లాంటి వైరస్‌ని అడ్డుకునే ప్రోటీన్ల జన్యువులు గట్టిగా పనిచేస్తాయి. రక్తంలో వైరస్ శిఖరానికి చేరి తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు, నెలల తరబడి అలా ఉండిపోతుంది. గుండెలో వాపు వచ్చేది రక్తంలో ఈ శిఖరం వచ్చిన తర్వాత. అప్పుడు గుండెలోకి వచ్చి చేరే కణాల్లో సీడీ8 టీ కణాలు ముఖ్యమైనవి, వైరస్ సోకిన కణాల్ని వెతికి చంపేవి. అంటే స్లైడ్ మీద మనం చూసే ఊదారంగు గుంపులే ఈ రోగనిరోధక దళం. గుండె కండ దెబ్బతినడంలో వైరస్ వాటా ఉంది, ఈ దళం వాటా కూడా ఉంది.

ఇది అర్థమైతే ప్యానెల్ రిపోర్ట్ చూసి నేను ఎందుకు తల పట్టుకున్నానో తెలుస్తుంది. గుండె ముక్కలో సీడీ8, గ్రాంజైమ్ (సోకిన కణాల్ని చంపడానికి టీ కణాలు వాడే ఎంజైమ్), ఇంటర్‌ఫెరాన్ జన్యువులు కొలిచి, అన్నీ కలిపి వందకి ఒక స్కోర్ వేస్తారు. స్కోర్ ఎక్కువైతే ఆకుపచ్చ, "రోగనిరోధక స్పందన బలంగా ఉంది" అని ఒక వాక్యం. స్లైడ్‌లో మూడు మార్కులు పడిన గుండె, రేపో మాపో చిరిగేలా ఉన్న గుండె, ప్యానెల్‌లో పచ్చగా మెరిసిపోతోంది. తగలబడుతున్న ఇంటి ముందు ఫైరింజన్లు లెక్కపెట్టి ఈ ఇంటికి భద్రత బాగుంది అని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది. అదే రోజు ఆరోగ్యంగా ఉన్న కేజ్ నుంచి పోలిక కోసం పంపిన గుండెలకి తక్కువ స్కోర్, పసుపు రంగు, "స్పందన బలహీనం, మేతలో మార్పు పరిశీలించండి" అని సలహా. ఆ సలహా కింద మేత కంపెనీ బ్రోచర్ లింక్ కూడా పెట్టారు. ఇక నేను చెప్పేదేముంది.

ఇంకో లోపం, ఆర్డర్ ఫారంలో నీటి ఉష్ణోగ్రత అడగరు. చేప ఒంటి వేడి నీటి వేడే కదా. 6 డిగ్రీల నీళ్లలో ఉన్న సాల్మన్ స్పందన 12 డిగ్రీల్లో ఉన్నదాని కంటే నెమ్మది. వ్యాక్సిన్ వేసిన తర్వాత రక్షణ ఎప్పుడొస్తుందో కూడా రోజుల్లో కాకుండా డిగ్రీ-రోజుల్లో లెక్కేస్తారు, 10 డిగ్రీల్లో 40 రోజులైతే 400, అలా. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. ఉష్ణోగ్రత తెలియకుండా, వైరస్ ఎప్పుడు సోకిందో తెలియకుండా, ఒక్కసారి తీసిన ముక్కలో జన్యువుల స్థాయి చూసి బలమో బలహీనమో చెప్పడం జాతకం చెప్పడమే. ఇంటర్‌ఫెరాన్ జన్యువులు పైన ఉన్నాయంటే ఏదో ఒక వైరస్ ఈమధ్య తగిలిందని మాత్రమే అర్థం, ఏ వైరసో కూడా చెప్పవు. తక్కువ ఉన్నాయంటే ఇంకా తగల్లేదనీ కావచ్చు, తగిలి సద్దుమణిగిందనీ కావచ్చు.

సేల్స్ కాల్‌లో ఒక తెలివైన వాదన వినిపించారు, దానికి జవాబు చెప్పకపోతే అన్యాయం. ముందు పీఆర్‌వీ సోకిన సాల్మన్లకి తర్వాత ఆల్ఫావైరస్ ఎక్కిస్తే పీడీ తగ్గినట్టు 2016లో వచ్చిన ప్రయోగం చూపించింది. పీఆర్‌వీ-3 అనే బంధువు వైరస్ ముందే సోకిన చేపలు పీఆర్‌వీ-1 (పైన చెప్పిన పీఆర్‌వీ ఇదే) నుంచి తప్పించుకున్నట్టు కూడా తేలింది. కాబట్టి స్పందన ఎక్కువ ఉన్న కేజ్ కొంతకాలం ఇతర వైరస్‌ల నుంచి సురక్షితం అని వాళ్ల మాట. ప్రయోగాలు నిజమే, బాగున్నాయి కూడా. కానీ అవి ట్యాంకుల్లో, ఎప్పుడు ఏ వైరస్ ఇచ్చారో తెలిసిన చేపల మీద చేసినవి. సముద్రంలో ఉన్న కేజ్‌కి ఆ రక్షణ ఎప్పుడు మొదలైంది, ఎప్పటిదాకా ఉంటుంది అని ఈ ప్యానెల్ చెప్పదు. అడిగాను. "అది మీ అనుభవంతో చూసుకోవాలి" అన్నారు. అనుభవం నాదే అయితే డబ్బులు మీకెందుకండీ?

పోర్టల్ గురించి ఎక్కువ రాయను. పని చేస్తుంది, నెమ్మదిగా. పాత రిపోర్ట్‌లు ఒకే కేజ్‌వి వరసగా చూపించదు, మనమే ఎక్సెల్‌లో పెట్టుకోవాలి. శుక్రవారం పంపిన పెట్టె శని, ఆదివారాలు ఎక్కడో గోదాములో పడి ఉంటుంది, ఫార్మలిన్ డబ్బాలకి ఫర్వాలేదు గానీ రక్తం ట్యూబులకి మంచిది కాదు, కాబట్టి వారం మొదట్లోనే పంపండి.

"సరే, జబ్బు తేలాక మందేంటి" అని అడిగేవాళ్లు ఉంటారు. ఈ మూడింట్లో దేనికీ వైరస్‌ని చంపే మందు లేదు. బ్రోచర్‌లో "ముందే కనిపెట్టి చికిత్స మొదలుపెట్టండి" అని ఉంది, ఆ వాక్యం తీసేయమని వాళ్లకి రాశాను. పీడీకి వ్యాక్సిన్లు ఉన్నాయి, యూరప్‌లో 2017లో అనుమతి వచ్చిన డీఎన్ఏ వ్యాక్సిన్‌తో సహా. సీఎంఎస్‌ని తట్టుకునే జన్యు లక్షణాలున్న గుడ్లు ఎంచుకోవచ్చు, కానీ అది తర్వాతి బ్యాచ్‌కి పనికొచ్చే మాట. కొవ్వు తగ్గించి, ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు పెంచిన మేతతో గుండె వాపు తగ్గినట్టు ప్రయోగాల్లో కనిపించింది, అది సాయం, మందు కాదు. మిగిలింది చేపని కదపకుండా ఉండటం, ఆక్సిజన్ చూసుకోవడం, చచ్చినవాటిని రోజూ తీసేయడం, అవసరమైతే ముందే కోసేయడం. ఈ నిర్ణయాల్లో ఏది ఏ కేజ్‌కి అన్నదానికే స్లైడ్ కావాలి. ఈ వైరస్‌లు మనుషులకి సోకవు, తినేవాళ్లు కంగారు పడక్కర్లేదు.

ఎవరు కొనాలి అంటే, చావులు మొదలై కారణం తెలియనివాళ్లు, పేను ట్రీట్‌మెంట్‌కి ముందు కేజ్ తట్టుకుంటుందో లేదో తేల్చుకోవాల్సినవాళ్లు తప్పకుండా కొనండి. ఊరికే నెలనెలా పీఆర్‌వీ ఉందా అని చూసుకోవడానికైతే అనవసరం, ఉంటుంది. చేపలు తక్కువ పంపి పరీక్షలు ఎక్కువ చేయించేకంటే, పరీక్ష ఒక్క స్లైడే పెట్టి చేపలు ఎక్కువ పంపడం మేలు. కొన్ని బాగున్నవి కూడా పోలికకి పంపండి.

మేము ఒప్పందం పొడిగించాం, ప్యానెల్ లేకుండా, రక్తం ట్యూబు కలిపి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి, ఫారం రెండో పేజీలో ఇమ్యూన్ ప్యానెల్ గడిలో ముందే టిక్ పెట్టి ఉంటుంది, తీసేయకపోతే బిల్లులో పడిపోతుంది, పడ్డాక వెనక్కి ఇవ్వరు.